జాకీ కింద ఇటుక

మలంచాలో ఇంటి ముందు, జాకీ మీద లేపిన పాత కారు కింద దేముడు పడుకుని ఉన్నాడు. కూతురు ఇందు పక్కనే కూర్చుని టార్చి పట్టుకుంది.

“ఆయిలు ఎక్కణ్ణించి కారతన్నాది నాన్నా?”

“డ్రెయిన్ బోల్టు కాడే. వాషరు అరిగిపోనాది. కొత్తది ఏసినాను, బిగించీడమే.”

ఇందు చూపు జాకీ మీద పడింది. దాని కింది ఇటుక నిలువునా చీలుతోంది.

“అది అలాగుండనీ. బయటికొచ్చీ నాన్నా.”

“ఏటే, ఒక్క సుట్టు తిప్పితే అయిపోతాది.”

“ఇటుక పగిలిపోతన్నాది!”

పానా కింద పడిన చప్పుడైంది. ఇందు అతని కాళ్లు పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. అతని తల బయటికి వచ్చిందో లేదో, కారు ధడాలున కూలింది.

ఇద్దరూ నేల మీదే ఉండిపోయారు. ఇందు అతని కాళ్లు వదల్లేదు.

“నలభై ఏళ్లు రైల్వే వర్క్‌షాప్‌లో ఇంజన్ల కింద దూరినాను. ఎప్పుడూ బయపడనేదు,” అన్నాడు దేముడు.

“ఇప్పుడో?”

“నా కాళ్లు అప్పుడే ఒగ్గకమ్మా.”