దాచుకోనివ్వని వీడియోలు

అన్నయ్య పోయాక మొదటిసారి వదిన మరిది గదికొచ్చి, కంప్యూటరు ముందు కూర్చుంది. బొమ్మ రైళ్లు తయారుచేసేవాళ్ల కోసం అన్నదమ్ములిద్దరూ కలిసి అన్నయ్య వీడియోలతో నడిపిన వెబ్‌సైటు ఈమధ్యే మూతపడింది.

"మీ అన్నయ్య వీడియోలన్నీ ఈ పెన్‌డ్రైవ్‌లో వేసివ్వు. ఆయన గొంతు వినాలనుంది."

"లేవు వదినా. సర్వరు పాడైంది. అన్నీ దాంతోనే పోయాయి."

"చూసినవాళ్లెవరూ డౌన్‌లోడ్ చేసుకోలేదా?"

"ఆ బటన్ తీసేశాను కదా. ఎవరైనా సైటుకొచ్చి స్ట్రీమింగ్‌లో చూడాల్సిందే. దాచుకోనిస్తే మళ్లీ మన మొహం చూడరని..."

"వద్దని ఆయన మొత్తుకున్నారు. నెట్ సరిగా రానివాళ్ల గతేంటని నీతో పోట్లాడారు కూడా."

"అవును. నేనే వినలేదు."

"నీ దగ్గర అసలు వీడియోలైనా ఉండాలిగా?"

"చోటు చాలడం లేదని చెరిపేశాను."

వదిన పెన్‌డ్రైవ్ మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

"ఒక పెద్దాయన మాత్రం ఏవో తిప్పలు పడి అన్నీ దించుకున్నాడు, వదినా."

"ఆ మాట ముందే చెప్పవేం! ఫోన్ చెయ్యి."

"దొంగవని అందరి ముందూ తిట్టి, సైటులోంచి గెంటేశాను."

"కాళ్లావేళ్లా పడి నేనడుగుతాను. నంబరివ్వు."

"అదీ ఆ సర్వరులోనే ఉండేది."

ఆమె పెన్‌డ్రైవ్ పిడికిట్లో పెట్టుకుని లేచింది.

"బాగా కాపలా కాశావు నాయనా, ఆఖరికి నాక్కూడా దక్కకుండా."