నాంచారిని పొమ్మన్న పున్నారావు

పున్నారావని, సైకిల్ షాపాయన. మా వీధి చివర పంచర్లేస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు, పెళ్ళాం మీద చెయ్యెత్తింది లేదు. "బంగారం లాంటి మొగుడే నాంచారీ నీకు" అనేవాళ్ళం ఆ పిల్లతో. నవ్వి ఊరుకునేది. ఊరుకోక ఏం చేస్తది, జవాబు కూడా ఆయనే చెప్పాలి గదా! "ఇయ్యాల ఏం కూరమ్మా" అని నాంచారినడిగితే షాపులోంచి ఆయన "దొండకాయ" అనేవాడు. పొద్దున్నే ఏ చీర కట్టాలో తీసి మంచం మీద పెట్టేవాడంట. పంపు కాడికి పోతే గడియారం చూసేవాడంట. ఏమన్నా అంటే "నీ మంచికేనే నాంచారీ" అంట. సరే, మంచికే అనుకో. ఒకసారి ఏమైందంటే, ఆ పిల్లకి పన్ను నొప్పొచ్చి పళ్ళ డాక్టరు కాడికి పోయారు. "ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడంట డాక్టరు. ఈయన "కుడిపక్కనండీ, పైన" అన్నాడంట. నాంచారేమో ఎడమపక్క చూపిస్తంది. ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించి, "నీకు తెలవదు, నువ్వు నోరు తెరువు" అన్నాడంట. డాక్టరు ఈయన వంక చూశాడు, ఆ పిల్ల వంక చూశాడు. "ఏవయ్యా, పన్నెవరిది?" అన్నాడంట. నవ్వుతున్నారా? నవ్వండి. ఆ పిల్లకి మాత్రం నవ్వు రాలేదు.

అట్టాంటోడు పెళ్ళాన్ని కూలికెట్టా పంపాడని అడుగుతారు మీరు. ఆయన షాపుకి ఎదురుగుండానే మా మిరపకాయల షెడ్డు. ముప్పై మందిమి కూచుని కాయలకి ముచ్చికలు, అదే తొడిమలు, తీస్తాం. షాపులో కూచుంటే పెళ్ళాం కనపడుద్ది, అందుకని పంపాడు. మిరపకాయల ఘాటుకి మా అందరికీ కళ్ళెంట నీళ్ళే. నాంచారికి ఇంకాస్త ఎక్కువ కారేవి. ఘాటే అనుకున్నాం. తర్వాత తెలిసింది, మాచర్లలో వాళ్ళక్క ఆదెమ్మ కాలు జారి పడి తుంటి విరిగి మంచంలో ఉందంట. తల్లి పోయాక నాంచారిని పెంచింది ఆవిడే. "ఒక్కసారి చూసొస్తానయ్యా" అంటే, "వద్దు, మీ అక్క నీకు లేనిపోనియ్యన్నీ ఎక్కిస్తది, ఆవిడకి బాగయ్యాక ఇద్దరం పోదాంలే" అన్నాడంట. బాగయ్యాక చూసేదేందమ్మా, మీరే చెప్పండి! మూడు నెల్లు అట్టా గడిచినయ్యి.

ఇట్టా ఉండగా మా షెడ్డులోకి చైనా సీరియల్ వచ్చింది. మాతో కూచునే రంగమణి ఫోన్లో. మనుషులు చైనావాళ్ళు, మాటలు తెలుగు. ఒంటిగంటకి అన్నాలు తింటా అందరం ఆ ఫోను చుట్టూ చేరేవాళ్ళం. వాళ్ళ పేర్లు మాకు నోరు తిరగవు, మొగుణ్ణి లింగయ్యన్నాం, పెళ్ళాన్ని చిన్ని అన్నాం. ఆ లింగయ్యకి మేడంటే మేడ, మన ఊరంతా అందులో పట్టుద్ది. ఏం లాభం, చిన్నిని గడప దాటనివ్వడు. ఫోను లాక్కుంటాడు. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే నిద్రపోతందంటాడు. అన్నీ చేసి "అంతా నీ కోసమే" అంటాడు. మేం లింగయ్యని తిట్టని తిట్టు లేదు. నాంచారికి మాత్రం కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోయేది, అట్టా చూస్తా ఉండేది.

ఒకరోజు పున్నారావు విసవిసా వచ్చాడు, అన్నం తినటానికి ఇంతసేపేందని. సరిగ్గా అప్పుడే ఫోన్లో చిన్ని "నాకాకలి లేదండీ" అంది. లింగయ్య "నీకాకలుందో లేదో నాకు తెలుసు, గంజి తాగు" అన్నాడు. పున్నారావు ఆగిపోయాడు. వంగి చూశాడు. "ఓరి నీ! కడుపెవరిదిరా?" అన్నాడు. మేం ముప్పై మందిమీ చెంగులు నోట్లో కుక్కుకున్నాం! ఆయనకి అర్థమైతేగా! అక్కడే గోనెసంచి మీద చతికిలబడి కూచున్నాడు. అంతే, ఇక రోజూ ఒంటిగంటయ్యేసరికి టైర్లోంచి సగం పీకిన ట్యూబు అట్టాగే వదిలేసి వచ్చేవాడు. లింగయ్య కనపడితే పళ్ళు కొరికేవాడు. "వీడికి ఆడకూతుళ్ళు లేరా? మడిసేనా వీడు?" అనేవాడు. మేమేమో "నిజమే పున్నారావ్, నిజమే" అనేవాళ్ళం.

ఓ పన్నెండు రోజులయ్యాక, చిన్ని సంచి సర్దుకుని గడప మీద నిలబడింది. కాలు బయట పెట్టుద్ది, మళ్ళీ వెనక్కి తీస్తది. పున్నారావు లేచి నిలబడ్డాడు. "పో తల్లీ! చూస్తావేంది, పో!" అని అరుస్తన్నాడు. అప్పుడు నాంచారి నిమ్మళంగా అంది గదా, "మొగుణ్ణడక్కండా పోవచ్చంటావా?" "వాణ్ణడిగేదేందే? దాని కాళ్ళు దానియ్యి!" అన్నాడు. "సరే అయితే" అంది నాంచారి. ముప్పై మందిమీ విన్నాం.

తెల్లారి పదిగంటల మాచర్ల బస్సు. పున్నారావు షాపు ముందు తొట్లో ట్యూబు ముంచి బుడగలెక్కడొస్తయ్యా అని చూస్తన్నాడు. బస్సు పక్కనుంచి పోతంటే కిటికీలోంచి నాంచారి చెయ్యూపింది. ఈయనా చెయ్యూపాడు. ఊపి, మళ్ళీ ట్యూబు చూశాడు. అప్పుడు తట్టింది! "నాంచారే!" అని ఎదురుగా ఉన్న సైకిలెక్కి తొక్కాడు. అది పంచరుకొచ్చిన సైకిలాయె, పది గజాలు పోయి కూలబడింది. మేం ముచ్చికలు తీయటం ఆపేశాం, ఏం చేస్తాం.

వెనకాల బస్సుకి పోయాడు. అక్కడ నాంచారి వాళ్ళక్కకి తల దువ్వతా ఉందంట. "ఎవర్నడిగి వచ్చావే?" అన్నాడంట గుమ్మంలోనే. "ఎవర్నీ అడగలా. కాళ్ళు నాయ్యేనన్నావుగా." "నేనన్నది ఆ సీరియల్లో పిల్లని!" "ఆ పిల్లెవరో నీకు తెలవదు. దానికోసం గొంతు పోయేట్టు అరిచావు. నేను పన్నెండేళ్ళుగా నీ ఇంట్లో ఉంటన్నానయ్యా." మూలన మంచం మీద ఆదెమ్మ అత్తగారు, ఎనభై ఏళ్ళ ముసల్ది, ఆవిడా చూస్తదిలే ఆ సీరియల్, మేం పెట్టిన పేర్లు నాంచారి అప్పటికే చెప్పిందంట, తలెత్తి ఈయన్ని చూసి, "ఏమే నాంచారీ, మీ ఇంట్లో లింగయ్య ఇతనా?" అందంట. పున్నారావు గోడకానుకుని కూచున్నాడంట. మంచినీళ్ళిస్తే తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ఎన్నాళ్ళుంటావ్?" అన్నాడంట. అడిగాడు చూడండి, అడిగాడు! "అక్క లేచి నడిచిందాకా" అంది నాంచారి. ఆయన ఒక్కడే బస్సెక్కాడు.

ఇంటికొచ్చాక ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలవదు మడిసికి. రోజూ ఫోన్ చేసేవాడంట. ఏం తిన్నావ్, ఎవరొచ్చారు, ఎక్కడికెళ్ళావ్ అంటే నాంచారి పెట్టేసేదంట. నాలుగోరోజు, "అక్కకెట్టా ఉంది?" అన్నాడంట. ఆ ఒక్కమాటకి ఏడుపొచ్చిందని నాంచారే నాతో చెప్పింది. నలభై రోజులకి తనంతట తనే వచ్చింది, మెడలో కొత్త పూసల దండేసుకుని. ఆయన ఆ దండని చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. ఇప్పటికీ రోజుకి పదిసార్లు తెరుస్తాడు, మూస్తాడు. తొమ్మిదిసార్లు మూస్తాడనుకో. పదోసారి నాంచారి చూసుకుంటది.

ఆ చైనా సీరియలేమైందంటారా? లింగయ్య వాన్లో మోకాళ్ళ మీద నిలబడి ఏడిచాడు, చిన్ని పోయి గొడుగు పట్టింది. మాకందరికీ ఒళ్ళు మండింది, ఒక్క వానకే! ఇప్పుడు మా ఊళ్ళో ఆ సీరియల్ మాట మేమెత్తితే చాలు, మగాళ్ళు ఫోన్లో చార్జింగ్ లేదంటన్నారు. అదుగో, గేటు కాడ దగ్గేది మా ఆయనే, కథ అయిపోయిందా, అన్నం పెడతావా అని. ఇంకా మొదలే కాలేదని చెప్పండమ్మా.