రెజ్యూమే గది ముందు మెట్ల మీద నేను చూసింది, విన్నది

నన్ను మా వీధిలో చిన్నా పెద్దా అందరూ గంట తాత అంటారు. వయసు అరవై ఎనిమిది నిండింది. చదువు ఏడో తరగతి. హైస్కూల్లో అటెండరుగా పనిచేసి, గంట కొట్టి కొట్టి రిటైరయ్యాను. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ వైపంతా పడిపోయింది. ఇప్పుడు చెయ్యి చాలావరకు నయమైంది. కాలు మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తాను. ఇన్‌స్పెక్టరు గారు అడగగా నేను చెబుతున్నాను, రైటరు గారు రాస్తున్నారు.

అన్నిటికంటే ముందు ఒక మాట రాయమని రైటరు గారిని బతిమాలుకున్నాను. మా అమ్మాయి బతికే ఉంది. అదిగో, ఎదురు బల్ల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. మా అమ్మాయి బతికే ఉంది. ఇంకోసారి రాయమంటే రైటరు గారు "పెద్దాయనా, సంతోషం తర్వాత. సంగతి ముందు" అన్నారు. ఆయన పని ఆయనది. సంగతే చెబుతాను.

మా అమ్మాయి మట్టిలో ఉండే కంటికి కనపడని పురుగుల మీద పరిశోధన చేసి డాక్టరు పట్టా తెచ్చుకుంది. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. పాఠం చెప్పే ఉద్యోగానికి తొమ్మిది చోట్ల దరఖాస్తు పెట్టింది. ఒక్క చోట నుంచి కూడా పిలుపు రాలేదు. ఈలోగా మా వీధిలో ఒకావిడ, రెజ్యూమేలు తయారుచేసే సారు ఒకాయన ఉన్నాడని, ఆయన చెయ్యి పడితే ఇంటర్వ్యూ వచ్చినట్టేనని చెప్పింది. మా అమ్మాయి వద్దంది. "నా గురించి నాకంటే ఆయనకి ఎక్కువ తెలుసా నాన్నా?" అంది. నేనే పోరు పెట్టాను. పెళ్లికూతురు తన జడ తానే వేసుకోదు కదా, ఇంకొకరు వేస్తేనే అందం అని నచ్చజెప్పాను. ఇవాళ ఒక కాలేజీ వాళ్ల దరఖాస్తుకి ఆఖరి రోజు. సాయంత్రం ఐదు లోపల పంపాలి.

మధ్యాహ్నం రెండున్నరకి వెళ్లాం. కింద వెల్డింగు షాపు. దాని పక్క నుంచి బయట మెట్లు. పైన ఆ సారు గది ఒక్కటే. గుమ్మం పక్కన బోర్డు మీద రెజ్యూమే, సీవీ, కవర్ లెటర్ అని రాసి ఉంది. కవర్ లెటర్ అంటే కవరులో పెట్టే ఉత్తరమనుకుని నేను ఇంటి నుంచి నాలుగు కవర్లు పట్టుకెళ్లాను. సారు నవ్వలేదు, పాపం. "ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే పెద్దాయనా" అన్నాడు. ఆ గదిలో పెద్దవాళ్లు కూర్చోకూడదని ఆయన నియమం. అమ్మానాన్నలు పక్కన ఉంటే పిల్లలు నోరు విప్పరట. పిల్లల గొప్పలు మేమే చెప్పేస్తామట. ఆ మాట నిజమే. నేను బయటికొచ్చి పై మెట్టు మీద కూర్చున్నాను. తలుపు పల్చటి చెక్క. లోపలి మాట ప్రతీదీ వినపడుతుంది.

మొదట్లో బాగానే సాగింది. అచ్చయిన వ్యాసాలు ఎన్ని, ఏయే సదస్సుల్లో మాట్లాడావు, ఏ తరగతులకి పాఠం చెప్పావు అని ఆయన అడగడం, మా అమ్మాయి చెప్పడం. వింటుంటే నా ఛాతీ ఉబ్బిపోయింది. ఇన్ని చేసిందని నాకే తెలియదు. తర్వాత ఆయన ఒక చోట ఆగాడు.

"ఇక్కడ పద్దెనిమిది నెలలు ఏమీ లేదేంటమ్మా? సీవీలో ఖాళీ అంటే ముందు పన్ను ఊడినట్టు. చూసేవాడి కన్ను అక్కడికే పోతుంది."

"అప్పుడు ఇంట్లో ఉన్నాను సార్."

"ఇంట్లో ఉండకూడదు. ఒక కంపెనీ ఉంది, అందులో పనిచేశావని రాద్దాం."

"ఆ కంపెనీ పేరే నేను వినలేదు. అందులో ఎలా పనిచేశాను సార్?"

"అందరూ పనిచేశారమ్మా."

"మా నాన్నకి పక్షవాతం వచ్చింది. దగ్గరుండి చూసుకున్నాను. అదే రాయండి."

"అది రాస్తే రేపు మళ్లీ సెలవు పెడుతుందని భయపడతారు."

"భయపడనివ్వండి సార్. రాయండి."

మా అమ్మాయి నాకు ముద్దలు కలిపి పెట్టింది, నన్ను మోసింది, నా బట్టలు ఉతికింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. కాలేజీ పెద్దలు చదివే కాగితంలో నా గురించి రాయమంటోంది. మెట్టు మీద కూర్చుని చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటున్నాను. ఆ సమయంలో ఒకతను మెట్లెక్కి వచ్చాడు. మూడు కావస్తోంది. గంట కొట్టిన చేతులు గనుక గడియారం చూడకుండానే నాకు తెలుస్తుంది.

పాతికా ముప్పై మధ్య వయసు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడిలాగే ఉన్నాడు. చేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. తాగే నీళ్లు తెచ్చాడనుకున్నాను. "కొంచెం జరుగు తాతా" అన్నాడు, ఎంతో మర్యాదగా. నేను కాలు ముడిచి దారి ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు గారూ, నేనే కాలు ముడిచి దారి ఇచ్చాను.

లోపలికి వెళ్లి గడియ పెట్టాడు. కుర్చీ పడిన చప్పుడు. తర్వాత డబ్బాలోంచి గడగడమని కారే చప్పుడు. తర్వాత వాసన. అది నీళ్ల వాసన కాదు.

"కదిలితే గీస్తా. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది" అన్నాడు అతను.

రెజ్యూమే సారు ఏడుపు మొదలుపెట్టాడు. "నేనేం చేశాను నాయనా?" అన్నాడు.

"ఏం చేశావా? నన్ను ఆ కంపెనీకి ఒకే ఒక్క అకౌంటెంటు అని రాశావు. ఇంటర్వ్యూకి పోతే బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాడు కూడా ఆ కంపెనీకి ఒకే ఒక్క అకౌంటెంటు. అవే రెండేళ్లు, అదే మేనేజరు. ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పిలిచి, మీరిద్దరూ ఒకరినొకరు ఎరగరా అని అడిగారు. గదంతా నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగలేదు. నా పేరు అన్ని కంపెనీలకీ పంపేశారు. ఇప్పుడు మా ఇంటి పక్కవాడు కూడా నన్ను ఒకే ఒక్క అకౌంటెంటూ అని పిలుస్తున్నాడు. కూర్చుని, వాళ్లందరికీ పంపడానికి నా గురించి నిజం ఉత్తరం ఇప్పుడే టైపు చెయ్యి."

ఇంకో సమయంలో అయితే నాకూ నవ్వొచ్చేది. తలుపు బాదాను. "బాబూ, మా అమ్మాయికి ఏం సంబంధం లేదు, ఆమెని వదిలేయ్, కావాలంటే నేనొస్తాను లోపలికి" అని అరిచాను. "నాన్నా, నువ్వు లోపలికి రాకు. నువ్వు కిందికి పో" అంది మా అమ్మాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి గొంతు అది.

అప్పుడు నా పాదం తడిసింది. తలుపు కింద నుంచి పెట్రోలు బయటికొచ్చి, నా పక్క నుంచి మొదటి మెట్టు మీదికి, అక్కడి నుంచి రెండో మెట్టు మీదికి సన్నగా దిగిపోతోంది. కింద వెల్డింగు షాపు. మెట్లు ముగిసే చోటే వెల్డరు ఒక గేటు పడుకోబెట్టి అతుకుతున్నాడు. నిప్పురవ్వలు మెట్ల దాకా చిమ్ముతున్నాయి.

"ఆపు బాబూ, ఆపు!" అన్నాను. ముసుగు పెట్టుకున్నాడు, మిషను రొద. వినపడదు.

ఇక్కడ నా స్థితి ఎలా చెప్పాలో తెలియడం లేదు. తలుపు వదిలి కిందికి పోతే, పైన మా అమ్మాయి నన్ను పిలిచినప్పుడు నేను ఉండను. పోకపోతే ఆ పెట్రోలు నాకంటే ముందు పోతుంది. నడిస్తే నా కాలు సాగదు. కూర్చుని, పిరుదుల మీద జారుకుంటూ దిగాను. పెట్రోలూ నేనూ పక్కపక్కనే దిగాం. దాని వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. చొక్కా విప్పి దానికి అడ్డం పెట్టాను. చొక్కా నానిపోయింది, అది మళ్లీ బయల్దేరింది. దేవుడి పేరు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. మా అమ్మాయిని చిన్నప్పుడు పిలిచిన ముద్దు పేర్లన్నీ వరసగా నోటికొచ్చాయి.

కిందికి చేరి అతని వీపు మీద గుద్దాను. అతను ముసుగెత్తి "ఏంటి తాతా, పిచ్చెక్కిందా? చొక్కా ఏది?" అన్నాడు. మెట్ల వైపు చూపించాను. వాసన తగలగానే అతని ముఖం మారిపోయింది. చేతిలోది ఆ మూలకి విసిరేశాడు. నేను ఇంక ఆలోచించలేదు. షాపు లోపల, మెట్లకి ఆ చివర గోడకి మెయిన్ స్విచ్చి కనపడింది. పోయి దించేశాను.

మిషను ఆగింది. దాంతోపాటు పై గదిలో ఫ్యాను ఆగింది, కంప్యూటరూ ఆగిపోయింది. పైకీ కిందికీ ఒకటే స్విచ్చి అని నాకు తెలియదు.

పై నుంచి ఒక్క కేక వినపడింది. "ఎవడు రా కరెంటు తీసింది? పోలీసులొచ్చారా?"

నా చేత్తో నేనే మా అమ్మాయిని చంపుకున్నాననుకున్నాను. స్విచ్చి మళ్లీ పైకి వేద్దామా వద్దా అని చెయ్యి దాని మీదే పెట్టి నిలబడ్డాను. "వెయ్యకు తాతా, నిప్పురవ్వ లేస్తుంది" అని వెల్డరు నా మణికట్టు పట్టుకున్నాడు.

అప్పుడు పై నుంచి మా అమ్మాయి గొంతు వినపడింది. "పోలీసులు కాదండీ. మా నాన్న. ఆయనకి స్విచ్చిలన్నీ ఆపేసే అలవాటు. ఇంట్లో కూడా ఇంతే, నేను చదువుకుంటుంటే లైటు తీసేస్తాడు."

అది అబద్ధం. నేను ఎన్నడూ అలా చెయ్యలేదు. మా అమ్మాయి నా మీద చెప్పిన అబద్ధాల్లో ఇంత మంచిది ఇంకోటి లేదు.

వెల్డరు మెట్ల మీద బొచ్చెలతో ఇసుక పోశాడు. మీకు ఫోను చేసిందీ అతనే. నేను చేతుల మీద పాకుతూ మళ్లీ పైకి వెళ్లాను. తలుపుకి చెవి పెట్టాను. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మా అమ్మాయి అడుగుతోంది. "మీ కోసం ఈయన టైపు చేస్తున్న ఉత్తరం పోయింది. చేత్తో రాస్తాను, చెప్పండి. ఆ రెండేళ్లూ నిజంగా ఏం చేశారు?"

"నీకెందుకు?"

"రాయాలి కదా."

అతను, "చేపల మార్కెట్లో ఐసు కొట్టాను" అన్నాడు. "అది చెబితే ఈయన ముక్కు మూసుకున్నాడు. కాగితం కంపు కొడుతుందన్నాడు."

"కొట్టనివ్వండి. ఐసు కొట్టడమేనా, ఇంకేమైనా చూసేవారా?"

"బళ్లు ఎక్కించేవాణ్ణి. ఏ పెట్టె ఏ ఊరిదో నేనే చూసేవాణ్ణి. ఒక్కటి కూడా తప్పు పోలేదు."

"అది చెప్పరేం మరి?"

"ఎవరడిగారు?"

ఆమె ఒక్కో వాక్యం రాసి చదివి వినిపించింది. పక్కన కూర్చోబెట్టి పాఠం చెబుతున్నట్టే చదివింది. అతను రెండు చోట్ల మార్పించాడు. "నిజాయితీపరుణ్ణి అని రాయొద్దు. నిన్నటిదాకా అబద్ధం కాగితం పట్టుకు తిరిగాను" అన్నాడు. చివరికి మా అమ్మాయి, "కింద సంతకం పెట్టండి. బల్లంతా తడిసింది, కాగితం చేత్తో పట్టుకోవాలి. మీ రెండు చేతులూ కావాలి" అంది.

ఆ తర్వాత లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. గడియ తీసిన చప్పుడు విన్నాను.

ముందు అతను బయటికొచ్చాడు. ఒళ్లంతా పెట్రోలు. చేతిలో కాగితం మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. నా పక్కనే మెట్టు మీద కూలబడి, "మీ అమ్మాయి బాగా రాసింది తాతా" అన్నాడు. అతన్ని కొట్టాలని నా చెయ్యి లేచింది. అది అతని భుజం మీద పడింది, అక్కడే ఉండిపోయింది. ఎందుకో నాకు తెలియదు. అతని వెనకే మా అమ్మాయి, సారు బయటికొచ్చారు. మీ జీపు వచ్చింది నాలుగు దాటాక.

రెజ్యూమే సారు ఈ స్టేషన్ వరండాలో నన్ను పక్కకి పిలిచాడు. "అతను అగ్గిపుల్ల గీశాడని చెప్పు పెద్దాయనా. అలా చెబితేనే వాడు మళ్లీ నీ కూతురి జోలికి రాడు. ఆ కంపెనీ సంగతి ఎత్తకు" అన్నాడు. అతను మళ్లీ వస్తాడేమోనని నాకు భయం లేదనను. ఉంది. ఇవాళ రాత్రి ఇంట్లో తలుపు చప్పుడైతే నేనేమవుతానో తెలియదు. అయినా పుల్ల గీసిన చప్పుడు నేను వినలేదు. నేను విన్నవన్నీ, కంపెనీ మాటతో సహా, పైన చెప్పాను.

మా అమ్మాయి దరఖాస్తు వెళ్లలేదు. ఐదు కొట్టేసరికి మేం మీ బల్ల ముందు ఉన్నాం. నేనే ఈ ఉద్యోగం కోసం నెలల తరబడి కలలు కన్నాను. పోతే పోయింది. వెయ్యి కాలేజీలు పోనీండి.

ఇందాక ఇన్‌స్పెక్టరు గారు సాక్ష్యం కోసం అగ్గిపెట్టె ఇమ్మని మా అమ్మాయిని అడిగారు. సంతకం పెట్టేటప్పుడు అతను దాన్ని ఆమె చేతికి ఇచ్చాడట. అప్పటి నుంచి ఆమె దాన్ని వదల్లేదు. జీపులోనూ వదల్లేదు. ఎడమ చేత్తోనే నీళ్లు తాగింది. "ఇస్తాను సార్" అంటుంది గానీ గుప్పిట విచ్చుకోదు. "నాన్నా, నాకు వేళ్లు రావడం లేదు" అంది. నేను ఆమె ముందు నేల మీద కూర్చుని, ముందు చిటికెన వేలు తీశాను. తర్వాత ఉంగరపు వేలు. ఒక్కో వేలూ తీసి, మళ్లీ ముడుచుకోకుండా నా చేతిలో పట్టుకుని, చివరికి బొటనవేలు తీశాను. పెట్టె నలిగిపోయి ఉంది. అదే మీ బల్ల మీద ఉంది.

నేను చెప్పింది రైటరు గారు రాసి, నాకు రెండుసార్లు చదివి వినిపించారు. కళ్లతో చూసింది చూశానని, చెవులతో విన్నది విన్నానని చెప్పాను. ఒకరు నేర్పితే చెప్పింది, ఒకరికి జడిసి దాచింది ఇందులో లేదు. నాకు సంతకం వచ్చు. చెయ్యి నిలవడం లేదు గనుక బొటనవేలి ముద్ర వేస్తున్నాను. ముద్ర వేసేటప్పుడు నా చెయ్యి కదలకుండా పట్టుకున్నది మా అమ్మాయి.

(కుడి బొటనవేలి ముద్ర)