బెంచీ అంటే ఏటని అడిగితే

బంగారయ్యని ఒకడుండేవోడంట. రోడ్డు కొలిసే దొర మకాంలో పంకా లాగినోడు. దొర ఎల్లిపోతా మనూళ్ళో ఒక బెంచీ ఒగ్గేసెల్లిపోతే, దాన్ని తెచ్చి సావిడి ముందర ఏసుకున్నారు. అప్పటిదాకా మనోళ్ళకి పీటలు తెలుసు, మంచాలు తెలుసు, ఇదేటో తెలీదు. "ఒరే బంగారయ్యా, దొర కాడ ఉన్నోడివి, బెంచీ అంటే ఏటర్థంరా?" అని ఊరిపెద్ద నాయుడుగారు అడిగారంట. తెలీదంటే పోయేదేటి? కానీ అందరూ ఈడి నోరే సూత్తన్నారు కదా, తెలీదనలేకపోయాడు. "గద్దె అండి. ఆళ్ళ దేశంలో రాజులు కూకునే గద్దె పేరండి అది. తక్కువోళ్ళు కూకుంటే ఊరికి అరిష్టం" అనేశాడంట. ఇంకేటుంది! మనోళ్ళ సంగతి మీకు సెప్పాలా? పసుపు రాశారు, బొట్లెట్టారు. నాయుడుగారు తప్ప ఇంకోడు ముట్టుకోలేదు. బంగారయ్యకేమో ఊళ్ళో ఒకటే మర్యాద అనుకో.

ఏటైందంటే, ఒకరోజు మిట్టమధ్యాన్నం ఈడి అమ్మ అచ్చియ్యమ్మ, అసలే మోకాళ్ళ నొప్పుల మనిసి, కొండమీంచి కట్టెలమోపు ఎత్తుకొచ్చి, కళ్ళు తిరిగి, మోపు పడేసి ఆ బెంచీ మీద కూలబడిందంట. "దిగవే ముసల్దానా, ఊరు ముంచుతావా!" అని జనం పోగైపోయారు. జనంలో కొడుకుని సూసి, "నాయనా, గుక్కెడు నీళ్ళు తాగి లేత్తాను, కూకోకూడదా?" అందంట. అప్పుడైనా నేను కల్పించి సెప్పానని ఒక్క మాట అనాలి కదా! గొంతుదాకా వచ్చిందంట. నాయుడుగారి మొహం సూశాడు. సూసి, "కూకోకూడదమ్మా, దిగు" అన్నాడంట. కన్నతల్లిని, బాబూ! ఆవిడ దిగి, కూకున్న సోటు కొంగుతో తుడిసి మరీ ఎల్లిందంట. ఆ తుడవడం సూసి ఈడికి తల కొట్టేసినట్టయింది.

మరుసటేడు దొర దుబాసీ వచ్చాడు. పసుపూ బొట్లూ సూసి, ఇదేటని అడిగి, సంగతి ఇని ఒకటే నవ్వు. "గద్దే లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆళ్ళ తాతలనాడు కూకోడానికి ఏసుకున్న మట్టిగట్టుకి ఆ పేరంట. తరవాత సెక్కతో సేసుకున్నా పేరు అలాగే ఉండిపోయింది. ఎవడైనా కూకోవచ్చు" అన్నాడంట. జనమంతా బంగారయ్యకేసి తిరిగారు. భూమి బద్దలై అందులోకి పోతే బాగుణ్ణనిపించింది ఈడికి. ఇంటికి పరిగెత్తి అమ్మ కాళ్ళట్టుకుని, "నాకు తెలీక సెప్పానమ్మా, రా, కూకుందువుగాని" అని ఏడిశాడంట. ఆవిడ తల నిమిరి, "నీకు తెలీదని నాకారోజే తెలుసురా నాయనా, దిగమన్నప్పుడు నా మొహం సూడలేదుగా" అందంట. తిట్టినా బాగుండును కదా! అక్కణ్ణించి ఆ బెంచీ మీద అందరూ కూకున్నారు, మేకలు కూడా పడుకున్నాయి. బంగారయ్య మాత్రం సచ్చేదాకా కూకోలేదంట. మనమైతే కూకుందుము. సిగ్గు అన్నాళ్ళు నిలవదు మనకి.