బరువు పడే చోటు

పక్షవాతంతో మాట పడిపోయిన ఇంగ్లీషు మాస్టారు జహీరాబాద్‌లో తన ఇంటి వసారాలో మంచం మీద కూర్చున్నాడు. శుక్రవారం ఉర్దూ బడికి సెలవు కాబట్టి, కోహీర్‌లో ఆ బడిలో పాఠాలు చెప్పే ఆయన పాత శిష్యుడు పొద్దున్నే రైలు దిగి వచ్చాడు.

"శరణు సార్. ఇయ్యాల కైండ్‌హార్టెడ్ అందాం."

"నాతోని... కాదు."

"ఎందుకు కాదు? నాకు నత్తి ఉన్నప్పుడు మీరే గద సార్ ఈ మాటను మూడు ముక్కలు చేసి నేర్పిన్రు! కైండ్ మీద జర బరువు, హార్ మీద నిండు బరువు, టెడ్‌ను ఉత్తగ వదిలెయ్యాలె అన్నరు. బల్ల మీద వేలితో కొట్టి చూపిన్రు. నేను గట్లనే కొడుత, సూడున్రి."

మంచం పట్టె మీద మూడు దెబ్బలు పడ్డాయి, నడిమిది గట్టిగా.

"కైండ్... హా..."

శిష్యుడు పెదవి కదపలేదు. ఇంట్లో వాళ్లు జాలిపడి తన మాటలన్నీ తామే పూర్తి చేస్తుంటే మాస్టారికి ప్రాణం విసిగిపోయింది. అయినా అలవాటు కొద్దీ అడిగాడు.

"జర... అందియ్యి."

"అందియ్యను సార్. క్లాసంత నవ్వినా మీరు నాకు అందియ్యలే, నేను అనేదాంక ఆగిన్రు. గందుకే ఇయ్యాల పిల్లలకు పాఠం చెప్తున్న."

"హార్... టెడ్. కైండ్... హార్టెడ్!"

"శభాష్! మీ కాయిదా ఇంకొకటి ఉన్నది. గసువంటి మాట అన్నంక, అది ఎవరికి తగుతదో పేరు చెప్పాలె."

మాస్టారు వంటింటి వైపు చూశాడు. పెళ్లయిన నాటి నుంచి భార్యను పేరు పెట్టి పిలిచి ఎరగడు. ఈసారి పట్టె మీద తనే వేలితో కొట్టాడు.

"గి... రి... జమ్మ."

వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు ఆగిపోయింది.