కెల్విన్ చెప్పిన వాన

ఆస్ట్రేలియా ఎడారిలోని ఊడ్నదత్త మట్టిదారిలో ఒక క్యాంపర్ వ్యాన్ ఎర్రదుమ్ము లేపుకుంటూ వెళుతోంది. భర్త నడుపుతున్నాడు, పక్కన భార్య కూర్చుంది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ఆమె అటు చూపించింది.

"ఆ మబ్బు చూశావా? వెనక్కి పోదాం."

"ఇక్కడి మబ్బులన్నీ ఉత్త బెదిరింపులే."

"మధ్యాహ్నానికి వాన తప్పదని క్యాంపులో కెల్విన్ చెప్పనే చెప్పాడు."

"మళ్ళీ కెల్విన్! పొద్దుటి నుంచీ అదే జపం."

"ఈ దారుల్లోనే పుట్టి పెరిగాడు, అతనికి తెలీదా?"

"నిన్న క్యాంపులో అతనేదో అంటే పగలబడి నవ్వావు. నా మాటలకు ఎప్పుడైనా అలా నవ్వావా?"

"పెళ్ళినాటి జోకే ఇంకా చెబుతుంటే ఎలా నవ్వను?"

"డబ్బాలో మిగిలిన బిస్కెట్లు కూడా అతనికే పెట్టావు."

"అయ్యో, బిస్కెట్ల దాకా వచ్చిందా! ఇదిగో, చినుకులు మొదలయ్యాయి. తడిస్తే ఈ మట్టి బంకే. చక్రాలు దిగబడితే లాగే దిక్కుండదు."

"వెనక్కి వెళితే అతను కాలు మీద కాలేసుకుని నవ్వుతాడు."

"నవ్వితే నవ్వనీ. నాకు భయంగా ఉంది."

భర్త వేగం తగ్గించి, మెల్లగా బండి వెనక్కి తిప్పాడు.

"పద. వెళ్ళి నీ కెల్విన్‌కి, నువ్వే గెలిచావని చెప్పు."

"అతనక్కడ లేడు. నువ్వు లేవకముందే అడిలైడ్ వెళ్ళిపోయాడు."

"నీతో చెప్పి మరీ వెళ్ళాడా?"

"చెప్పే వెళ్ళాడు."

"మరి ఆ మాట ముందే అనొచ్చుగా!"

"ముందే అనేస్తే, నువ్వు బండి నా కోసం తిప్పావో, అతను లేడని తిప్పావో నాకెలా తెలిసేది?"