కోటికి ఒక్కటి

1976. బెజవాడ వన్‌టౌన్‌లో తిరుపతిరావు నేతి కొట్టు. అతని బావమరిది హనుమయ్య, ఉయ్యూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు, మేనకోడలు శివపార్వతికి తాను తెచ్చిన సంబంధం సంగతి తేల్చుకోడానికి వచ్చాడు.

“కల్తీ చేసేవాడికి పిల్లనివ్వమంటావా, హనుమయ్యా?”

“కల్తీ ఏంటండీ బావగారూ! బెంగుళూర్లో ట్రాన్సిస్టర్లు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం.”

“నిన్న పెళ్లిచూపుల్లో వాడే చెప్పాడయ్యా! ‘ఏం పని బాబూ’ అంటే, ‘సిలికాన్‌లో మలినం కలుపుతానండి’ అన్నాడు, కాఫీ తాగుతూ! అసలే ఎమర్జెన్సీ. రేపు లోపలేస్తే శివపార్వతి గతేంటి?”

“కలపకపోతేనే ఉద్యోగం పోతుందండీ. స్వచ్ఛమైన సిలికాన్‌లో కరెంటు పారదు. దాని ఎలక్ట్రాన్లన్నీ ఒకదాని చెయ్యొకటి పట్టుకుని కదలకుండా కూర్చుంటాయి.”

“బుద్ధిమంతులు.”

“బుద్ధిమంతులే, పనికి రారు. అదే ఓ ఫాస్ఫరస్ అణువు పడిందా, ఒక ఎలక్ట్రాన్ ఎక్కువవుతుంది. దానికి పట్టుకోడానికి ఎవరి చెయ్యీ దొరకదు. ఊరు మీద పడి తిరుగుతుంది.”

“మా రెండోవాడిలా.”

“అదేనండీ కరెంటు! మీ గల్లాపెట్టె మీద రేడియో పాడేది ఆ కలిపినదాని వల్లే.”

“నా కొట్లో కలపడం మాటెత్తకు! మూడు తరాల కొట్టిది. బోర్డు చూశావా?”

“‘అచ్చమైన వెన్నకాచిన నెయ్యి.’ చూశానండీ.”

“ఆఁ. అదీ... ఇంతకీ ఎంత కలుపుతాడు?”

“కోటికి ఒక్కటి.”

“కోటికి?”

“కోటి సిలికాన్ అణువులకి ఒక్క ఫాస్ఫరస్ అణువు.”

“ఒక్కటే! దానికి జీతమిస్తారా?”

“క్వార్టర్సు కూడా.”

“అంత తక్కువ కలపడానికి చెయ్యెలా వస్తుందయ్యా!”

“అమ్మాయి ఏమంటోందండీ?”

“చేసుకుంటే అతన్నే అంటోంది. నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు. దాని మొహం చూస్తే నాకూ ముద్ద దిగలేదు.”

“మరింకేం? ఊఁ అనండి బావగారూ.”

“అంటాలే. అంటాను. అది సుఖపడితే అంతే చాలు. ఒక్కటి చెప్పు. ఆ ఒక్కటీ పడిందని, రెండోది పడలేదని వాడికెలా తెలుస్తుంది?”

“కరెంటు పెట్టి కొలుస్తాడు. పిసరు తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తాడు. దాన్లో అతని తర్వాతేనట ఎవరైనా.”

“కోట్లో ఒక్కటున్నా పట్టేస్తాడా?”

“పట్టేస్తాడు.”

“వద్దని రాసెయ్యి.”

“అదేంటండీ! పిల్ల అన్నం మానేసి...”

“పెళ్లినాడు అలాంటివాడి విస్తట్లో మన నెయ్యెలా వడ్డించమంటావయ్యా?”